తిరుగవ్రాసిన నోటు: ఘాత ప్రమేయమును వ్రాయు విధము

పెరుగుదల రెండు తెఱగులు. ఒకటి కూడికచే పెరుగునది, రెండవది గుణకారముచే పెరుగునది. మొదటి ఏట ఈ రెండింటికిని భేదము కానరాదు. రెండవ ఏట కొలదిగ కానవచ్చును. పది పండ్రెండు ఏండ్లు గడచునప్పటికి మొదటిది ఇంటి చూరును అందుకొనిన యెడల రెండవది తాటిచెట్టు మొవ్వును దాటిపోవును. ఈ భేదము తెలియక, తాము చేసినది చిన్న అప్పేగదా యని నమ్మి యుండి, తుదకు మాగాణి విడిచిన కుటుంబములు మన పల్లెలలో తక్కువ కావు.

బీజగణితము బడిపిల్లల చదువు, నాగలి పట్టువారికి దానితో పనియేమి యని కొందఱు సభ్యులు తలంపవచ్చును. ఈ పాఠమునకు కావలసిన గణితము కూడిక, గుణకారము, భాగహారము మాత్రమే. ఒక కాగితమును, పెన్సిలును దగ్గఱ నుంచుకొని చదువుడు. పెట్టెలో పాత నోట్లున్నవారు వానిని గూడ బయటికి తీయుడు. వానితో పనియున్నది.

ఒక రైతు రూ. 10,000 అప్పు తీసికొనెననుకొందము. వడ్డి, మన వైపు మాటలో, రెండు రూపాయలు. అనగా నూటికి మాసమునకు రెండు, సాలుకు ఇరువదినాలుగు. సాలు వడ్డి రూ. 2,400. బారువడ్డి అయిన యెడల ప్రతి సాలును ఈ 2,400 మాత్రమే వచ్చి చేరుచుండును. మొదటి సాలు చివర 12,400. రెండవ సాలు చివర 14,800. మూడవ సాలు చివర 17,200. మొత్తమును ‘మొ’ అనియు, కాలమును ‘కా’ అనియు గుర్తించిన యెడల దీనినంతయు ఒక్క పంక్తిలో వ్రాయవచ్చును:

మొ = 10,000 + 2,400 × కా

‘కా’ స్థానమున ఏ సంవత్సరమును వేసినను ఆ సంవత్సరపు మొత్తము వచ్చును. ఒక రాశి మాఱుటను బట్టి మఱియొక రాశి ఎట్లు మాఱునో తెలుపు ఇట్టి నియమమునకు ప్రమేయమని పేరు. ఇది కూడిక ప్రమేయము; కాగితముపై గీచిన యెడల తిన్నని గీటు.

ఇప్పుడు అదే అప్పు, అదే వడ్డి, కాని సాలుకొకసారి వడ్డిని అసలులో కలుపు చక్రవడ్డి. సాలు చివర నూఱు రూపాయలు నూట ఇరువదినాలుగగును. అనగా ఒక్కొక్క రూపాయి 1.24 అగును. కావున మొదటి సాలు చివర 10,000 × 1.24, అనగా 12,400. ఇంతవరకు బారువడ్డితో సమానమే. రెండవ సాలు వడ్డి పదివేలమీద కాక ఈ 12,400 మీద నడచును. కావున 12,400 × 1.24; అది 15,376. మూడవ సాలు దానిని మరల 1.24 చే గుణింపగా 19,066. వెనుకకు చూచిన యెడల మనము చేసినది 10,000 × 1.24 × 1.24 × 1.24. ఐదేండ్లకైన ఐదు మార్లు, పదియేండ్లకైన పది మార్లు గుణింపవలెను. ఇన్ని మార్లు వ్రాయుట ప్రయాస గనుక, గుణకము నొక్కసారి వ్రాసి, దాని కుడిభుజముపై చిన్న అంకె నుంచి, ఎన్ని మార్లు గుణింపవలెనో ఆ అంకెచే తెలుపుదురు: 10,000 × (1.24)³. చిన్న అంకెను ఇట్లు భుజముపై నిలుపు వాడుకను ఫ్రాన్సు దేశీయుడగు డెకార్టు 1637లో ప్రకటించిన తన జ్యామితి గ్రంథమున స్థిరపఱచెను.

ఆ చిన్న అంకెకు ఘాతాంకమని పేరు. దానిని మోయుచున్న క్రింది సంఖ్యకు, అనగా మన గుణకమునకు, గణితగ్రంథములలో భూమి యని పేరు. రైతునకు ఈ పేరు మఱపురాదు: భూమి యెట్టిదో పంట అట్టిది. ఈ పాఠమున మాత్రము గుణకమనియే వ్రాసెదను. అసలును ‘అ’ అనియు, గుణకమును ‘గు’ అనియు గుర్తించినచో:

మొ = అ × గు^కా

చిన్న అక్షరమును పైన నిలుపుటకు బదులు అచ్చు సౌకర్యము కొఱకు ^ అను గుర్తు వేసితిని. దాని తరువాతిది ఘాతాంకమని గ్రహింపుడు. ఇదియే ఘాత ప్రమేయము. దీనిని వ్రాయుటకు తెలియవలసినవి రెండే: ఎంతతో ఆరంభమైనది, ఒక్కొక్క గడువునకు ఎన్ని రెట్లగుచున్నది. మన అప్పునకు మొ = 10,000 × (1.24)^కా.

కొత్తగా నేర్చుకొనువారు తడబడు తావులు కొన్ని కలవు. గుణకమునకు 1.24 వ్రాయుటకు బదులు 0.24 వ్రాయుదురు. 0.24 వడ్డి మాత్రమే. అసలు ఎక్కడికి పోయినది? అసలు ఒకటి, వడ్డి 0.24, రెండును కలిసి 1.24. మఱికొందఱు (10,000 × 1.24) అంతటిని కుండలీకరణములలో నుంచి దానిపై ఘాతాంకము వేయుదురు. అట్లు చేసిన యెడల అసలునుగూడ మరల మరల గుణించినట్లగును. రెండు సంవత్సరములకే అప్పు పదునైదు కోట్లు దాటును. ఘాతాంకము గుణకమునకే చెందినది, అసలు ఒక్కమాఱే వచ్చును. ఇక ‘కా’ సున్న యైనప్పుడు ఏమగును? సొమ్ము చేతికందిన దినమున ఒక్కసారియు గుణింపలేదు గనుక పదివేలు పదివేలుగనే యుండవలెను. అందుచేత ఏ గుణకమునకైనను సున్న ఘాతము ఒకటి యని శాస్త్రము నిర్ణయించినది. దీనిని వింతగ చెప్పుదురుగాని ఇందు వింత లేదు.

ఐదేండ్లకు ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన చూడుడు. బారువడ్డిన 22,000, చక్రవడ్డిన 29,316. పదియేండ్లకు బారువడ్డిన 34,000, చక్రవడ్డిన 85,944. మొదటి సాలు రెండును 12,400 యే గదా!

రెట్టింపుల బలిమి మన పెద్దలకు తెలియనిది కాదు. చదరంగపు అఱువదినాలుగు గడులలో మొదటిదానియందు ఒక గింజ, తరువాతి వానియందు వరుసగ రెండు, నాలుగు, ఎనిమిది యిట్లు రెట్టించుచు పోయిన యెడల వచ్చు మొత్తమును తెలుపు పద్యమొకటి పావులూరి మల్లన పేరిట ప్రసిద్ధమైయున్నది. ఆ మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615. అన్ని గింజలు పండించు దేశము లేదు. చివరి గడిలోని గింజలే 2⁶³. మొదటి గడిలో రెట్టింపు లేదు గనుక ఘాతాంకము అఱువదిమూడు, అఱువదినాలుగు కాదు. లెక్కించునది గడులను కాదు, గుణించిన మార్లను.

ఇక ముఖ్యమైన సంగతికి వచ్చెదను. మన పల్లెలలో చాలామంది, “మా నోటులో చక్రవడ్డి యను మాటయే లేదు, బారువడ్డి నోటే” అని ధైర్యముగ నుందురు. నోటు చూచినచో వారు చెప్పునది నిజమే. అయినను వారి అప్పు ఘాత ప్రమేయమును బట్టియే పెరుగుచుండవచ్చును. అది యెట్లో చూడుడు.

ప్రామిసరీ నోటుపై దావా వేయుటకు చట్టమున మూడు సంవత్సరముల గడువు కలదు. 1963వ సంవత్సరపు లిమిటేషను చట్టము ప్రకారమును అంతియే. గడువు సమీపించినప్పుడు ఋణదాత వచ్చి, “నోటుకు కాలదోషము పట్టనున్నది, తిరుగ వ్రాసి యిమ్ము” అని యడుగును. రైతు చేతిలో సొమ్ముండదు. మూడేండ్ల వడ్డి 7,200 ను అసలు 10,000 తో కలిపి, 17,200 లకు కొత్త నోటు వ్రాయుదురు. ఆ నోటులోను బారువడ్డియే. కాని ఇప్పుడు అసలు అను మాటకు అర్థము మాఱినది. పాత వడ్డి అసలు వేషము వేసికొని కూర్చున్నది.

మఱి మూడేండ్లకు 17,200 మీద వడ్డి 12,384 కలిసి మూడవ నోటు 29,584 అగును. అటుపై మూడేండ్లకు 50,884. పండ్రెండవ ఏట వ్రాయు నోటు 87,521. ఈ నోట్లను వరుసగ నిలుపుడు:

10,000 — 17,200 — 29,584 — 50,884 — 87,521

ఇది ఏ జాతి పెరుగుదల? తెలిసికొనుటకు రెండు పరీక్షలు కలవు. ప్రతి సంఖ్యనుండి దాని ముందటిదానిని తీసివేయుడు. తేడాలు సమానమైనచో కూడిక ప్రమేయము. ఇచట తేడాలు 7,200, 12,384, 21,300, 36,637. సమానము కావు. ఇక ప్రతి సంఖ్యను దాని ముందటిదానిచే భాగింపుడు. 17,200 ను 10,000 చే భాగింపగా 1.72, 29,584 ను 17,200 చే భాగింపగా 1.72, తరువాతివానికిని, పైసలు వదలివేసినందున కలుగు స్వల్పభేదము తప్ప, 1.72 యే. భాగఫలములు సమానము గనుక ఇది ఘాత ప్రమేయము. ఆరంభము 10,000, గుణకము 1.72. తిరుగవ్రాసిన మార్లను ‘తి’ అని గుర్తించినచో:

మొ = 10,000 × (1.72)^తి

ఏ ఒక్క నోటును విడిగ చదివినను ఈ పంక్తి కానరాదు. నోట్లన్నిటిని ఒకచోట పేర్చి భాగించినవానికే కానవచ్చును. అందుచేతనే పాత నోట్లను చించివేయక దాచుకొనుడని నేను కలిసిన ప్రతి రైతుతోను చెప్పుచుందును. కొత్త నోటు వ్రాసినప్పుడు పాత నోటును రద్దు వ్రాయించుకొని తప్పక తిరిగి తీసికొనవలెను. అది రక్షణకును, లెక్కకును పనికివచ్చును.

సంవత్సరములను బట్టి వ్రాయవలెనన్నచో, మూడేండ్ల కొకసారి గుణకారము జరుగును గనుక ఘాతాంకము కా ÷ 3 అగును. తొమ్మిదేండ్లకు 9 ÷ 3, అనగా మూడు మార్లు. ఇది నోటు మాఱు సంవత్సరములకే సరిపోవును. నడుమ సంవత్సరములలో నోటు తన బారువడ్డి గీటుమీదనే నడచును. ఘాతాంకమును వ్రాయునపుడు గడువు మాసమా, సాలా, మూడేండ్లా యని మొదట తేల్చుకొనుట అన్నిటికంటె ముఖ్యమని ఇందువలన గ్రహింపవచ్చును.

నోటు తిరుగ వ్రాయక, అదే పదివేల అసలుమీద బారువడ్డి నడచియున్నచో పండ్రెండేండ్లకు 10,000 + 2,400 × 12, అనగా 38,800 మాత్రమే అయియుండును. తేడా 48,721. పండ్రెండవ ఏట నోటు మీద సాలు వడ్డియే రూ. 21,005; తొలుత చేతికి వచ్చిన సొమ్మునకు రెట్టింపు కంటె ఎక్కువ. మొదట నెలకు రెండువందలు కట్టలేకపోయినవాడు ఇప్పుడు నెలకు 1,750 ఎక్కడినుండి తెచ్చును? పొలము పోవునది ఇక్కడనే. ఋణదాత అందఱును దుర్మార్గులని నా అభిప్రాయము కాదు. ఆయనయు ఈ భాగహారమును చేసి చూచియుండకపోవచ్చును. లెక్క తన పని తాను చేయుచునే యుండును.

దీనికి ఉపాయము ఆ ప్రమేయమునందే కలదు. అసలును మనము మార్చలేము, కాలమును ఆపలేము. మన చేతిలోనున్నది గుణకము. మూడేండ్ల వడ్డి 7,200 ను చెల్లించి నోటు వ్రాసినచో కొత్త నోటు పదివేలకే యగును, గుణకము 1. ఒకటిని ఎన్ని మార్లు ఒకటిచే గుణించినను ఒకటియే. ప్రతి మాఱును వడ్డిలో సగము చెల్లింపగలిగిన యెడల గుణకము 1.36; నాలుగు మార్లకు నోటు 34,210 వద్ద నిలుచును, 87,521 కాదు. కావున పంట యమ్మిన దినమున కొంతయైనను వడ్డి క్రింద కట్టుట, గుణకమును కోయుట యన్నమాట.

ఏమియు చేతిలో లేని సంవత్సరమునకు వేఱొక మార్గమున్నది. గడువు తీరకముందే కొంత సొమ్ము, అది స్వల్పమైనను సరే, చెల్లించి, ఆ చెల్లును నోటు వెనుక తేదీతో వ్రాసి సంతకము చేసినచో, చట్టము ప్రకారము ఆ దినమునుండి గడువు మరల ఆరంభమగును. అప్పు ఒప్పుకొనుచు వ్రాతమూలకముగ సంతకము చేసినను అంతే. ఋణదాత భయము కాలదోషమే యైనచో అది దీనితో తీరిపోయినది. వడ్డిని అసలులో కలుపవలసిన పని లేదు. తిరుగ వ్రాయుమని యడిగినప్పుడు ముందుగ ఈ మాట మర్యాదతో చెప్పి చూడవలెను.

ఈ ఘాతమునకు అడ్డుకట్ట వేయవలెనని పూర్వులకును తోచినది. ఒక్కసారి తీసికొను వడ్డి సొమ్మునకు రెట్టింపును, ధాన్యమునకు ఐదు రెట్లను మించరాదని మనుస్మృతియందు కలదు. మన నాగు లెక్కను దీనితో పోల్చి చూడుడు. విత్తులకాలమున బస్తా ధాన్యము తెచ్చి, కోతలయందు బస్తాన్నర కొలుచు వాడుక యందు గుణకము 1.5. కొలువలేక మరల మరల నాగునకే విడిచినచో, నాలుగు పంటలకు (1.5)⁴, అనగా 5.06 బస్తాలు. స్మృతి గీచిన గీటును నాలుగవ పంటయే దాటును! ఆధునిక కాలమున 1938లో చేసిన మద్రాసు రైతు ఋణోపశమన చట్టమున, అసలునకు రెట్టింపు చెల్లించిన రైతు అప్పు పూర్తిగ తీరినట్లే యని యుండెను.

గడువును గూర్చి మఱియొక మాట. వడ్డి రేటు అదే యైనను ఎంత తఱచుగ అసలులో కలిపిన అంత పెరుగును. సాలుకు నూటికి 24 అని చెప్పి నెలనెలకు కలుపువాడు గుణకమును 1.02 గను, ఘాతాంకమును సాలుకు 12 గను వ్రాయుచున్నాడు. (1.02)¹² ను గుణించి చూచిన 1.268 వచ్చును, కావున సాలుకు పడునది ఇరువదినాలుగు కాదు, ఇరువదియాఱున్నర దాటును. ఐదేండ్లకు మన పదివేలు 29,316 కాక 32,810 అగును. పంట యనునది నెలనెలకు వచ్చు జీతము కాదు. వ్యవసాయపు అప్పులమీద బ్యాంకులు మూడునెలలకో ఆఱునెలలకో వడ్డిని అసలులో కలుపరాదని 1994లో భారత సుప్రీముకోర్టు తీర్పు చెప్పుటకు ఆధారము ఈ సంగతియే.

ఘాతము శత్రువు మాత్రమే యని తలంపవలదు. అది విత్తనమునందు మనకు దాసి. కొత్త రకమును పరిశోధనాలయమున కొలదిగ పండించి, బ్రీడరు విత్తనమునుండి ఫౌండేషను విత్తనమును, దానినుండి సర్టిఫైడు విత్తనమును పెంచుదురు. వరి విత్తనము ఒక్క పంటకు సుమారు 80 రెట్లగునని లెక్కింతురు. వేరుశనగ సుమారు 8 రెట్లు మాత్రమే. ఒక్క కిలోతో ఆరంభించి మూడు పంటలు పెంచినచో వరి 80³, అనగా 5,12,000 కిలోలు; వేరుశనగ 8³, అనగా 512 కిలోలు. గుణకములో పదిరెట్ల తేడా మూడు మార్లలో వేయిరెట్ల తేడా యయినది. అనంతపురము జిల్లాలో మంచి వేరుశనగ విత్తనము వరివలె శీఘ్రముగ ఊరూర వ్యాపింపకుండుటకు గల కారణములలో ఇది యొకటి. వేరుశనగ రైతు తన పొలములోని మంచి మళ్ల కాయను విడిగ దాచుకొనుట అందుచేత వరి రైతుకంటెను అవసరము.

తగ్గుదలయు ఇట్లే వ్రాయవచ్చును. గుణకము ఒకటికంటె తక్కువ యుండును, అంతే. రూ. 40,000 పెట్టి కొనిన మోటారు విలువను సాలుకు నూటికి 15 వంతున తగ్గించి లెక్కించినచో, మిగులునది నూటికి 85. కావున మొ = 40,000 × (0.85)^కా. మూడేండ్లకు 24,565.

అభ్యాసమునకు మూడు లెక్కలు. సాయంకాలము సంఘపు అరుగుమీద నలుగురు కూడి చేయదగినవి. ఇంటిలో చదువుకొను పిల్లలుండిన వారిని గూడ కూర్చుండబెట్టుకొనుడు.

మొదటిది: రెండు బస్తాలు నాగునకు తెచ్చి, గుణకము 1.5 చొప్పున మూడు పంటలు కొలువక విడిచినచో ఎంత కొలువవలెను? ప్రమేయమును వ్రాసి చూపుడు.

రెండవది: ఒకని మొదటి నోటు 20,000, మూడేండ్ల తరువాత వడ్డి కలిపి వ్రాసిన రెండవ నోటు 27,200. అదే తీరున మూడవ నోటు ఎంతకు వ్రాయుదురు? వడ్డి నూటికి నెలకు ఎన్ని రూపాయలు?

మూడవది: 5,000, 5,600, 6,200, 6,800 అను వరుస ఒకటి. 5,000, 5,600, 6,272, 7,025 అను వరుస ఇంకొకటి. ఏది బారువడ్డి, ఏది చక్రవడ్డి? రెండింటికిని ప్రమేయములను వ్రాయుడు.

జవాబులు: (1) 2 × (1.5)³, అనగా 6¾ బస్తాలు. (2) గుణకము 1.36, మూడవ నోటు 36,992, ముప్పదియాఱు నెలలకు నూటికి 36 గనుక నెలకు ఒక రూపాయి. (3) మొదటిది బారువడ్డి, 5,000 + 600 × కా, రెండవది చక్రవడ్డి, 5,000 × (1.12)^కా.